రేసుకు మాత్రమే

మూడు వారాలు నన్ను ఏడిపించింది మనిషి కాదు, ఒక మాట. రేసు. ఆ మాటకు రెండు అర్థాలున్నాయని మాలో ఎవరికీ తెలియదు. తెలిసినవాడు ఒక్కడుంటే ఆ ఇంజను కడ్డీ కోదాడలోనే పడి ఉండేది, నా కుడి భుజం ఇప్పటికీ బాగుండేది.

నిజాం మీదికి యూనియన్ పటాలాలు వచ్చిన మరుసటి ఏడు అది. సూర్యాపేటలో ఒక పల్లీల వ్యాపారి దగ్గర నేను కారు నడిపేవాణ్ణి. ఆయనకు భూమి ఉంది, గోదాము ఉంది, ఎక్కడో అమ్మకానికొస్తే కొన్న పాత అమెరికా కారు ఉంది. అందరం ఆయన్ను పటేలా అనేవాళ్ళం. ఆ కారు సూర్యాపేట నుంచి మిర్యాలగూడ రైలు స్టేషనుకు కిరాయికి తిరిగేది. ఐదుగురు కూర్చునే బండిలో తొమ్మిది మందిని ఎక్కించేవాణ్ణి. పదోవాడు పక్కన మెట్టు మీద నిలబడేవాడు. గొప్ప కోసం చెప్పడం లేదు, అప్పుడు అంతే.

మా నాయన దొర బావి దగ్గర ఎద్దులతో నీళ్ళు తోడే మోట తోలాడు. కూలి లేదు, పెట్టింది తినాలి. నేనూ అక్కడే తోలాను. ఒక మిలిటరీ లారీ వెంట క్లీనరుగా పారిపోయి, తన్నులు తిని, స్టీరింగు నేర్చుకుని వచ్చాను. అక్షరం రాదు. చేతిలో స్టీరింగు ఉన్నంతవరకే నేను మనిషిని. అది పోతే మళ్ళీ మోట తాడే. ఈ సంగతి నాకు తెలుసు, పటేలుకూ తెలుసు. కోపం వచ్చినప్పుడల్లా గుర్తు చేసేవాడు.

ఆ ఏడు స్టేషను కిరాయికి కొత్తగా పర్మిట్టు రాస్తారని కబురొచ్చింది. ఒక్క బండికే ఇస్తారట. మిర్యాలగూడ రైసుమిల్లు వాళ్ళకు కూడా కారుంది, మా దానికంటే కొత్తది. ఒకనాడు ఆ కారు మమ్మల్ని దాటి వెళ్ళి, తెల్ల ధోవతిలో ఉన్న పటేలు మీద దుమ్మంతా పోసింది. ఆ దుమ్ము ఆయన ఒంటి మీద నుంచి పోయింది గానీ మనసులో నుంచి పోలేదు.

మా బండి గుంజలేకపోతున్న మాట నిజమే. మూసీ ఒడ్డు ఎక్కాలంటే సగం మందిని దించాల్సి వచ్చేది. విప్పి చూశాను. క్యాంషాఫ్టు అరిగిపోయింది. ఇంజను కడుపులో ఉండే ఇనుప కడ్డీ అది. దాని మీద వరుసగా బుడిపెలుంటాయి, గుడ్డును సగం పాతినట్టు. కడ్డీ తిరుగుతుంటే ఒక్కో బుడిపె పైకి లేచి వాల్వును తెరుస్తుంది. వాల్వు తెరిస్తేనే ఇంజనుకు ఊపిరి. మా కడ్డీ మీద గుడ్లన్నీ అరిగి గోలీకాయల్లా అయ్యాయి. ఊపిరి అందని ముసలి ఎద్దును కొట్టి లాభమేముంది?

కోదాడలో ఒక మేస్త్రి ఉండేవాడు. బెజవాడ వైపు మనిషి. పెద్దరోడ్డు పక్కన రేకుల షెడ్డు, పాత ఇంజన్ల గుట్ట. పటేలు, ఆయన బావమరిది, నేను ముగ్గురం వెళ్ళాం. బావమరిదిని మేం చిన్నపటేలా అనేవాళ్ళం. ఇంగ్లీషు చదువు కొంత చదివాడు. ఆ కొంతను జేబులో పెన్నులాగా అందరికీ కనపడేట్టు పెట్టుకుని తిరిగేవాడు.

మేస్త్రి మమ్మల్ని చూసి నవ్వాడు. "రండి రండి. మీకేం కావాలో మీ బండే చెబుతోందండీ. ఫర్లాంగు దూరం నుంచీ దగ్గు వినపడుతోంది."

మా ఇంజనుకు సరిపోయే క్యాంషాఫ్టులు ఆయన దగ్గర రెండే ఉన్నాయి. గోనెపట్టా మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి మా పాతదాని లాంటిదే. నల్లగా, నూనె పట్టి, ఏ ముచ్చటా లేకుండా ఉంది. రెండోది అద్దంలా మెరుస్తోంది. మద్రాసులో ఎవరో తెల్లదొర దేశం వదిలిపోతూ అమ్మిన సామానులో వచ్చిందట. మెడకు తీగతో ఒక అట్టముక్క కట్టి ఉంది, దాని మీద ఇంగ్లీషు.

నేను రెండింటి మీదా బొటనవేలు నడిపాను. నాకు చదువదే. మొదటిదానికి కోడిగుడ్లు. రెండోదానికి బాతుగుడ్లు, ఎత్తూ ఎక్కువ, వెడల్పూ ఎక్కువ. నా బొటనవేలుకు ఆ బాతుగుడ్డు నచ్చలేదు. అంత వెడల్పు ఉంటే వాల్వు తెరుచుకునే ఉంటుంది గదా, మూసుకునేదెప్పుడు అనిపించింది.

"పటేలా, పాతదాని లెక్క ఉన్నదే తీస్కుందాం," అన్నాను.

"ఏందిరా నువ్వు! బాతుగుడ్డు పెద్దగుంటదా, కోడిగుడ్డు పెద్దగుంటదా?"

"బాతుగుడ్డే పటేలా."

"మరి? ఎవడన్న పెద్దది ఇడిసిపెట్టి సిన్నది తింటడా?"

"తినెటందుకు గాదు గద పటేలా."

"నోరు ముయ్యి. బామ్మర్దీ, గా అట్ట మీద ఏమున్నదో సదువు."

చిన్నపటేలు అట్టను ఎండకు పట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఒక్కో మాటా గింజ ఏరినట్టు ఏరాడు. "ఫర్... రేస్... ఓన్లీ. అంటే, రేసుకు మాత్రమే."

"రేసుకు మాత్రమే అంటే ఏంది?" అన్నాడు పటేలు.

చిన్నపటేలు అట్ట వైపు చూశాడు, మేస్త్రి వైపు చూశాడు. చివరికి ముగ్గురూ నా వైపు చూశారు. రేసు అనేది డ్రైవర్ల మాట కదా. బండిని అరిపించడానికి కాలికింద తొక్కేదాన్ని మేం రేసు అంటాం. రేసు తొక్కు, రేసు తగ్గించు, రోజూ వంద సార్లు అనేదే.

చదవడం రాని నన్ను ఇంగ్లీషు చీటీకి అర్థం చెప్పమని అడిగారు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆ ముచ్చటలో బొటనవేలు చెప్పింది మరిచిపోయాను. కుడికాలు ఎత్తి నేలమీద రెండుసార్లు కొట్టాను.

"రేసంటే గిది పటేలా! కాలు కింద ఉండేది. గేర్లు గీర్లు మార్సే పని లేదు, ఉత్త రేసు మీదనే గుంజుతది అని రాసిండ్రు."

"సూసినవా!" అన్నాడు పటేలు.

చిన్నపటేలు ఇంకా అట్ట పట్టుకునే ఉన్నాడు. "కింద ఇంకో లైను ఉన్నది. సన్న అచ్చరాలు. జర ఆగు..."

"ఇగ సాలు చిన్నపటేలా, సమజైంది," అన్నాను.

మేస్త్రి మెడ గోక్కున్నాడు. "మరి మీ ఇష్టమండీ. డ్రైవరు మీరు. ఇలాంటిది నేనైతే ఇంతవరకూ ఎవరికీ బిగించలేదు."

రెండు రోజులు అక్కడే ఉండి బిగించాం. రేడియేటరు దింపి, ముందు మూత తీసి, పళ్ళచక్రాల మీద గుర్తుగా ఉన్న చుక్కకు చుక్క కలిపి, చేతులు కొట్టుకుపోయేలా చేశాం. స్టార్టు చేస్తే బండి గుర్రపు జట్కాలా ఎగిరింది. గుడుగుడు గుడ్... గుడ్... మళ్ళీ గుడుగుడు. కాలు తీయగానే ఆగిపోయింది. కొత్తది గదా, కుదురుకుంటది అనుకున్నాం. మునగాల దాటాక రోడ్డు ఖాళీగా దొరికితే రేసు నిండా తొక్కాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, బాణంలా పోయింది. అట్లాంటి పోకడ ఆ బండి ఎన్నడూ పోలేదు. పటేలు తలపాగా చేత్తో పట్టుకుని చిన్నపిల్లవాడిలా నవ్వాడు. "ఇమానంరా! ఇమానం!"

సూర్యాపేట బజారులోకి వచ్చేసరికి విమానం దిగింది. ముందు మిరపకాయల బండి, పక్కన గొర్రెల మంద. కాలు తీశాను, ఇంజను పోయింది. దిగి బండి ముందు హ్యాండిలు దూర్చి తిప్పాను. పది బారలు నడిచింది, ఎవరో అడ్డం వచ్చారు, పోయింది. మళ్ళీ హ్యాండిలు. గోదాము చేరేసరికి నా వెనక సగం బజారు నడిచి వస్తోంది, మాకంటే ముందే చేరినవాళ్ళూ ఉన్నారు.

చీటీ అబద్ధం చెప్పలేదు. రేసు తొక్కితేనే బతుకుతుంది, వదిలితే చస్తుంది. రేసుకు మాత్రమే. నేను చెప్పిన అర్థమే నన్ను పట్టుకుంది.

ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా పోయే బండికి అది సరే. మా బండి పని అది కాదు కదా. ఊరూరా ఆగాలి. మూట దించాలి, ముసలమ్మను ఎక్కించాలి, ఎద్దుల వెనక నిదానంగా పోవాలి. తొమ్మిది మందితో గుంతలో పడితే అడుగు నుంచి గుంజాలి. ఆ అడుగు బలమే దానికి లేదు. పైన ఎగరడమే తెలుసు. రోజుకు నలభై సార్లు హ్యాండిలు తిప్పేవాణ్ణి. ఒక్కోసారి అది ఎదురు తిరిగి చేతిని ఈడ్చి కొట్టేది. నా భుజం అట్లానే పోయింది.

కోడిపిల్లల గంపతో ఎక్కిన ఒక అవ్వ నేను నాలుగోసారి దిగితే అడిగింది, "ఏం బిడ్డా, గీ బండి నిలవడితే సస్తదా?"

"అవునవ్వా."

"మా ముసలోడు గూడ గిట్లనే. నడిసినన్ని దినాలు మంచిగనే ఉండె. ఒక్కనాడు మంచాన కూసున్నడు, పోయిండు."

బండిలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

పటేలుకు రోజూ చెప్పాను. తీసేద్దాం, ఆ నల్లదే పెడదాం అన్నాను. ఆయన వినలేదు. "ఊరు ఊరంతా నా బండి సప్పుడు ఇని దారి ఇస్తున్నది. నువ్వే గదరా సెప్పినవ్, రేసు మీదనే గుంజుతదని? నీ నోరేనా, కిరాయికి తెచ్చినవా?" పైగా పటేలు భార్య ఆ అట్టముక్కకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దారంతో అద్దం దగ్గర వేలాడగట్టింది. బండికి దిష్టి తగలకుండా. మూడు వారాలు అది నా ముక్కు ముందే ఊగింది.

పర్మిట్టు రాసే అధికారి మిర్యాలగూడలో రైలు దిగుతున్నాడని కబురొచ్చింది. సూర్యాపేటకు మా బండిలోనే తెస్తామని పటేలు ముందే మాట పంపాడు. మర్యాదకని చిన్నపటేలును నా పక్కన కూర్చోబెట్టాడు. బయలుదేరేముందు నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు, "ఇయ్యాల గిట్ల బండి నిలవడ్డదంటే, దీన్ని అమ్మేస్త. నువ్వు మోటకు పో."

అధికారి సన్నటి మనిషి. తెల్ల ప్యాంటు, గొడుగు, ఒక ట్రంకుపెట్టె. కోస్తావైపు మాట. స్టేషను ముందు నేను బండిని ఆపకుండా రేసు తొక్కుతూనే ఉన్నాను. జట్కా గుర్రాలు బెదిరాయి.

"ఏమోయ్ డ్రైవరూ, ఎందుకంత అరిపిస్తావు బండిని?"

"అరుస్తనే ఉండాలె సార్. అరవకుంటే పోతది."

"పోవడమేగా మనక్కావలసింది?"

"ఆ పోవుడు కాదు సార్."

ఆయనకు అర్థం కాలేదు. మూసీ దగ్గర అర్థమైంది. అప్పుడు అక్కడ వంతెన లేదు, ఇసుకలో దిగి నీళ్ళు దాటాలి. దూకుడుగా పోతే చక్రం ఇసుకలో కూరుకుపోతుంది. మొదటి గేరులో, పశువు నీళ్ళు తాగుతున్నంత నెమ్మదిగా పోవాలి. ఆ నెమ్మది మా కడ్డీకి తెలియదు. రేసు తొక్కితే చక్రం ఇసుక తవ్వుతోంది. తగ్గిస్తే ఇంజను ఎక్కిళ్ళు పెడుతోంది. నట్టనడి నీళ్ళలో రెండు దగ్గులు దగ్గి పోయింది.

మోకాలి లోతు నీళ్ళలో దిగి హ్యాండిలు తిప్పాను. తిప్పాను, తిప్పాను. చిన్నపటేలు ధోవతి ఎగగట్టి వెనక నుంచి నెట్టాడు. అధికారి చాలాసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత బూట్లు విప్పి చేత పట్టుకుని తానూ దిగాడు, బరువు తగ్గుతుందని. తలుపు పట్టుకుని నిలబడి ఆ అట్టముక్కను చూశాడు.

"ఇదేమిటి, దీనికి పసుపు రాశారు?"

"గా ఇంజను కడ్డీతో వచ్చిన చీటీ సార్," అన్నాడు చిన్నపటేలు.

ఆయన పసుపు గోటితో గీకి చదివాడు. నా వైపు చూశాడు. "రేస్ అంటే ఏమనుకున్నారయ్యా మీరు?"

నేను నా కాలు చూపించాను. "కాలికింద తొక్కేది సార్."

"పందెమయ్యా! రేస్ అంటే పందెం. గుర్రప్పందెం లాగా కార్ల పందేలు ఉంటాయి పట్నాల్లో. ఎక్కడా ఆగకుండా తిరిగే బళ్ళకు పెట్టేది ఇది. దీన్ని తెచ్చి కిరాయి బండికి పెట్టారా?"

నేను నా కాలివైపు చూసుకున్నాను. నీళ్ళ కింద వంకరగా కనపడుతోంది.

"డ్రైవరే సెప్పిండు సార్ కాలికిందిది అని," అన్నాడు చిన్నపటేలు వెనక నుంచి.

"నీకు చదువొచ్చా?" అధికారి నన్ను అడిగాడు.

"రాదు సార్. సదివింది ఆయన. అర్థం సెప్పింది నేను."

"అంటే ఇద్దరూ కలిసి ఒక్క చీటీ చదవలేకపోయారు."

అనాల్సిన మాటే అన్నాడు. అటుగా వచ్చిన ఎద్దుల బండివాడు మమ్మల్ని ఒడ్డుకు గుంజాడు. వాడి ఎద్దులు నిదానంగా, ఏ చప్పుడూ లేకుండా గుంజాయి. సూర్యాపేటలో దిగేటప్పుడు అధికారి చెప్పాడు: "సోమవారం రెండు బళ్ళూ కచేరీ ముందుకు రావాలి. ఇంజను నడుస్తుండగా మూత మీద నిండు గ్లాసు నీళ్ళు పెడతాను. ఏ బండి మీద ఒలికితే దానికి పర్మిట్టు లేదు. నడివాగులో మనుషుల్ని దించే బండిని స్టేషనుకు పంపను."

ఇంత జరిగాక పటేలు ఆ కడ్డీ తీయిస్తాడనుకుంటారు. లేదు! అరుగు మీద కూర్చుని గంటసేపు ఆలోచించి, "గ్లాసు కింద తువ్వాల మడతేసి పెడితే?" అన్నాడు. ఇంకొంచెం ఆలోచించి, "సగం గ్లాసే పొయ్యమని అడుగుదాం," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "పటేలా, తప్పు నాది. రాని మాటకు అర్థం సెప్పిన. గా కడ్డీ తీసెయ్యకుంటే సోమారం నేను బండి తోల."

"తోలకుంటే మోటకు పో!"

"పోత. ఎద్దు నయం పటేలా. నిలవడితే సావదు."

అన్నాక ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో పెళ్ళాం ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. మోట తాడు అరచేతిని ఎట్లా కోస్తుందో నాకు తెలుసు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు, పటేలూ తీసుకోలేదు. ఇద్దరం అట్లా ఒకరినొకరు చూసుకుంటుంటే లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది.

"తీయించుండ్రి గా దరిద్రం. రోజూ పొద్దున పాలు పిండే యాళ్ళకు గీ డ్రైవరు గా సప్పుడు ఎత్తుకుంటడు. బర్రె బెదిరి పాలు సేపుత లేదు. మూడు వారాల సంది చాయ్‌కు పాలు పక్కింట్లకెల్లి తెస్తున్న."

పటేలు ఆమెను చూశాడు, దొడ్లోని బర్రెను చూశాడు. "సరే, తీసెయ్యి," అన్నాడు. మూడు వారాలు నా మాట వినని మనిషి, ఒక అధికారి మాట వినని మనిషి, బర్రె మాట విన్నాడు.

కోదాడ పోతే మేస్త్రి ఆ నల్లదాన్ని గోనెపట్టాలో చుట్టి పక్కన పెట్టి ఉంచాడు. "మీరు మళ్ళీ వస్తారనుకున్నానండీ."

"అనుకుంటే అప్పుడే సెప్పద్దా అన్నా?"

"మీరు సమజైంది అన్నారు గదండీ."

గోనెపట్టా విప్పి పని మొదలుపెట్టాను.

సోమవారం కచేరీ ముందు సగం ఊరు చేరింది. మొదట మిల్లు వాళ్ళ కారు. కొత్త బండే, కానీ వాళ్ళ డ్రైవరు దాన్ని తుడవడమే గానీ విప్పింది ఎన్నడూ లేదు. గ్లాసు పెట్టగానే వణుకు పుట్టింది, అంచు నుంచి ఒక ధార మూత మీదుగా కిందికి జారింది. తర్వాత మాది. ఇంజను తిప్పాను. కాలు తీసి, దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. నీళ్ళ మీద సన్నటి వలయాలు లేచాయి, అంచు దాకా వచ్చాయి, దాటలేదు. నా జన్మలో ఒక గ్లాసును అంతసేపు చూడలేదు.

పటేలు నా వెనక నుంచి మోచేత్తో పొడిచాడు. "అరే, ఇంజను నడుస్తున్నదా లేదారా? సప్పుడే లేదు."

"నడుస్తున్నది పటేలా. గట్లనే ఉండాలె."

"సచ్చినట్టున్నది," అన్నాడు దిగులుగా. పర్మిట్టు మాకే వచ్చింది. అయినా ఆయన ఆ చప్పుడు కోసం చాలా రోజులు బాధపడ్డాడు.

డ్రైవరు పేరు దగ్గర గుమాస్తా నా ముందు సిరాపట్టీ పెట్టాడు. బొటనవేలు ఒత్తాను. అధికారి చూస్తున్నాడు. ఆ చూపే నాకు గుచ్చుకుంది. బాతుగుడ్డు వద్దని చెప్పిన వేలు అదే. దాని మాట వినకుండా, రాని ఇంగ్లీషు మాట విన్నాను.

మెరిసే కడ్డీ గోదాము తలుపుకు గడియ అయ్యింది. అట్టముక్కను నేను దాచుకున్నాను. ముప్ఫై దాటాక మా పేటలో చర్చి బడి పంతులమ్మ దగ్గర పలక పట్టాను. పిల్లలు నవ్వారు, నవ్వనీ అనుకున్నాను. తెలుగు వచ్చాక పట్టుబట్టి ఇంగ్లీషు అక్షరాలూ నేర్చుకున్నాను. చదవడం వచ్చిందనిపించిన రోజున ఆ అట్ట తీశాను. పసుపు మరకల కింద సన్న అక్షరాల రెండో లైను. ఒక పూటంతా పట్టింది. రాని మాటలు పంతులమ్మను అడిగాను. ఆగుతూ, నిదానంగా నడిచే బండికి ఇది పెట్టకూడదు అని ఉంది.

ఆ రోజు కోదాడలో చిన్నపటేలు "జర ఆగు" అన్నాడు. అన్నాడు. నాకు బాగా గుర్తుంది.